నాలుగు రూపాయల కవరు

కె.ఎల్. సెంట్రల్‌లో పోర్ట్ క్లాంగ్ వైపు వెళ్ళే కొమ్యూటర్ రైలు ఎక్కితే చివరి స్టేషన్‌కి గంట పైనే పడుతుంది. మధ్యలో ఆడవాళ్ళకు మాత్రమే అని గులాబీ రంగు బోర్డులు పెట్టిన పెట్టెలుంటాయి. కౌలాలంపూర్ వచ్చిన ఈ ఆరేళ్ళలో ఆ పెట్టెల్లో చాలాసార్లు కూర్చున్నాను. షా ఆలమ్‌లో నీలం గోపురం మసీదు చూడ్డానికి వెళ్ళాం, పండగలకి క్లాంగ్‌లో చీరలు కొనడానికి వెళ్ళాం. క్లాంగ్ దాటి మాత్రం ఎప్పుడూ పోలేదు. ఆ రోజు వెళ్తున్నాను. నా చేతిసంచిలో ఒక స్టీలు గిన్నె, ఒక చెంచా, చల్లటి పాల సీసా ఉన్నాయి. ఓడరేవుకి గిన్నె, పాలు పట్టుకుని ఎవరైనా వెళ్తారా అని మా వారు పొద్దున్నే నవ్వారు. మీరూ నవ్వుకోండి, ఎందుకో చెప్తాను.

మా వదినది గూడూరు. ఊరు నిమ్మకాయలకి పేరు గానీ మా వదిన చేసేది మాత్రం జొన్న అటుకులు, రాగి అటుకులు. డ్వాక్రా సంఘంలో ఉన్న మరో నలుగురితో కలిసి చిన్న యూనిట్ పెట్టుకుంది. గింజలు నానబెట్టి, ఆవిరి పట్టి, రోలర్ల మధ్య నలిపి, ఆరబెట్టి, చివర్న వేడిగాలిలో వేయిస్తారు. కొంచెం బెల్లం పాకం పట్టిన రకం కూడా ఉంది. నోట్లో వేసుకుంటే కరకర. సీరియల్ అని మనం డబ్బులు పోసి కొనేదాన్ని మన అమ్మమ్మలు అటుకులు, బొరుగులు అన్నారు, అంతే తేడా. ఆ అటుకుల్ని మలేషియాలో అమ్మితే ఎలా ఉంటుందన్న ఆలోచన మాత్రం వదినది కాదు, నాది.

ఆలోచన పుట్టింది మా ఇంటి కింద సూపర్ మార్కెట్లో. మేముండేది బ్రిక్‌ఫీల్డ్స్‌లో. పెట్టెలు వెనక్కి తిప్పి చదవడం నాకు అలవాటు. బి.ఎస్సీ. కెమిస్ట్రీ చదివి, పెళ్ళయ్యాక ఆ చదువుకి వేరే పని దొరక్క, పదార్థాల జాబితాలు చదువుకుంటూ బతుకుతున్నాను. డిపెండెంట్ పాస్ మీద వచ్చినవాళ్ళకి ఉద్యోగం చేసే వీలు లేదు. ఆ సంగతి మీలో చాలామందికి నేను చెప్పక్కర్లేదు. అలా చదువుతుంటే ఒకటి గమనించాను. కార్న్ ఫ్లేక్స్ పెట్టె మీద థాయ్‌లాండ్, మ్యూస్లీ మీద ఆస్ట్రేలియా, ఇంకోదాని మీద ఇంగ్లండ్. మన జొన్నలు, రాగులు మాత్రం ఆ అరలో లేవు.

ఇంతా చేసి ఇది పొద్దున్నే చల్లటి తిండి తినే దేశం కాదు. ఆరింటికే రోడ్డు పక్కన అరిటాకులో చుట్టిన నాసి లెమాక్ పొట్లాలు పేర్చి పెడతారు. మామక్ హోటల్లో రోటీ చనాయ్ పెనం మీద తిరగబడుతూ ఉంటుంది. అయినా ఆ పెట్టెలు ఖాళీ అవుతూనే ఉంటాయి. బడికెళ్ళే పిల్లలు, ఆఫీసుకి పరిగెత్తే తల్లులు, రంజాన్ నెలలో తెల్లవారుజామున సహూర్‌కి లేచేవాళ్ళు, షుగరొచ్చి డాక్టరు ఓట్స్ తినమన్న పెద్దవాళ్ళు. వీళ్ళందరికీ వండక్కర్లేని తిండి కావాలి.

1994లో కెలాగ్స్ మన దేశంలోకి వచ్చినప్పుడు జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. చల్లటి పాలల్లో వేసుకోమని వాళ్ళు చెప్పారు. మన ఇళ్ళల్లో పాలంటే పొయ్యి మీద పొంగించినవే. వేడి పాలల్లో వేస్తే నిమిషంలో గుజ్జయిపోయింది. మా నాన్నగారు ఒక్కసారి తిని, "దీనికన్నా పాలల్లో బొరుగులే నయం" అని తేల్చేశారు. ఆ పెట్టెలో మిగిలినదంతా అమ్మ పల్లీలు, కరివేపాకు వేసి మిక్చర్ చేసింది. అలాంటి చోట కూడా ఆ కంపెనీ నిలబడింది. ఇప్పుడు మా గూడూరు నుంచి చెన్నై వెళ్ళే దారిలోనే, తడ దగ్గర శ్రీసిటీలో వాళ్ళ ఫ్యాక్టరీ ఉంది. వదిన సరుకు ఎక్కిన లారీ కూడా అదే రోడ్డు మీద వెళ్ళింది. ఫోన్లో ఆ మాట చెప్పి ఎంత మురిసిపోయిందో!

ఇక్కడ సరుకు దించుకున్నది నేను కాదు. అందుకు ఇక్కడ కంపెనీ ఉండాలి. గుడిలో పరిచయమైన ఒక అక్క ఉన్నారు. వాళ్ళ ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి బాగాన్ దాతోలో కొబ్బరి తోటల పనికి వచ్చారట. నాలుగో తరం వచ్చినా అక్క మాట్లాడే తెలుగులో ఆ ఊరు అలాగే ఉంది, చివర్న మలేషియా వాళ్ళ "లా" మాత్రం వచ్చి చేరింది. అక్క, వాళ్ళాయన పప్పులు, అప్పడాలు, ఊరగాయలు తెప్పించి చిన్న కొట్లకి వేస్తారు. "తెప్పించేద్దాం లా, ఏటైపోద్ది" అన్నారు. అక్కకీ వదినకీ మధ్య మాటలు మోయడమే నా పని.

ఆ మాటలు మోస్తూ నేర్చుకున్నది తక్కువేం కాదు. కస్టమ్స్ లెక్కలో వేయించిన, పొంగించిన ధాన్యాల తిండి అంతా 1904 అనే నంబరు కిందికి వస్తుంది. మ్యూస్లీ అయినా, మా వదిన అటుకులైనా అందులోదే. సరుకు దిగేముందు కె-1 అనే ఫారం కట్టాలి. తిండి వస్తువు కాబట్టి ఇక్కడి ఆరోగ్య శాఖ వాళ్ళ ఫోసిమ్ అనే కంప్యూటర్ పద్ధతిలోనూ నమోదు కావాలి. అందులో ఆరు మెట్లున్నాయి. మొదటిది అడ్డు లేకుండా వదిలేయడం, తర్వాత కాగితాలు చూడటం, అలా పెరుగుతూ ఆపి పరీక్ష చేసి వదలడం, చివరిది అసలు రానివ్వకపోవడం. ఏ వస్తువు, ఏ దేశం, గతంలో ఏం జరిగింది అన్నదాన్ని బట్టి మెట్టు మారుతుంది.

లేబుల్ సంగతికే నాకు ఒక నెల పట్టింది. ఇక్కడి ఆహార నిబంధనలు 1985 నాటివి. బయటి నుంచి వచ్చే సరుకు మీద మలయ్‌లో గానీ ఇంగ్లీషులో గానీ ఉండాలి. ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదాకా పదార్థాలు, బరువు, ఏ దేశంలో చేశారో, గడువు తేదీ, దిగుమతి చేసుకున్నవాళ్ళ పేరు, చిరునామా. సీరియల్ మీద పోషకాల పట్టిక తప్పనిసరి. వంద గ్రాములకీ ఒక వడ్డనకీ వేరువేరుగా వేయాలి. మన దగ్గర శాకాహారానికి వేసే ఆకుపచ్చ చుక్క ఇక్కడెవరికీ అర్థం కాదు. మా పక్కింటి మలయ్ ఆవిడకి వదిన కవరు ఫొటో చూపిస్తే ఆ చుక్క వేలితో చూపించి, "ఇది ట్రాఫిక్ లైటా?" అని అడిగింది. ఆవిడ వెతికింది హలాల్ గుర్తు. అది తప్పనిసరి కాదు. కానీ జాకిమ్ ఇచ్చిన సర్టిఫికెట్టు గానీ, జాకిమ్ ఒప్పుకున్న విదేశీ సంస్థ ఇచ్చింది గానీ లేకుండా ఆ మాట వాడకూడదు. జొన్నల్లో ఏముంటుంది అనుకుంటాం. అరలో పక్కనున్న రంగురంగుల సీరియల్స్‌లో మార్ష్‌మాలోలుంటాయి, వాటిలో జెలటిన్ ఉంటుంది, అది ఏ జంతువుదో కొనేవాళ్ళకి తెలియాలి కదా. సర్టిఫికెట్టు ఖర్చు వదిన వల్ల కాదు కాబట్టి మొదట భారతీయ కొట్లకే అనుకున్నాం. స్టిక్కర్లు గూడూరులోనే అచ్చువేయించి, అక్కడే అంటించి పంపింది. నలభై పెట్టెలు, పెట్టెకి ఇరవై నాలుగు చొప్పున 960 కవర్లు. సంఘం నుంచి తీసుకున్న అప్పుతో కలిపి లక్షా పది వేలు దాని మీద పెట్టింది.

అందుకే ఆ రోజు గిన్నె, పాలు. పెట్టె విప్పగానే వదినకి వీడియో కాల్ చేసి, మలేషియా గడ్డ మీద మొదటి చెంచా తిని చూపిస్తానని మాటిచ్చాను.

రైలు క్లాంగ్ దాటాక ఖాళీ అయిపోయింది. చివరి స్టేషన్‌కి ముందుది జాలన్ కస్తమ్, అంటే కస్టమ్స్ వీధి. కిటికీలోంచి ఇళ్ళ కప్పుల వెనక కంటెయినర్ల గుట్టలు, వాటి మీద క్రేన్ల మెడలు కనిపించాయి. దిగగానే ఉప్పుగాలి, ఎండుచేపల వాసన, డీజిల్ వాసన. స్టేషన్ పక్కనే పులావ్ కేతామ్ అనే పీతల దీవికి వెళ్ళే పడవల రేవు. అక్కడి నుంచి చూస్తే పెద్ద ఓడలేవీ కనబడవు. ఏటా కోటికి పైగా కంటెయినర్లు ఎత్తి దించే రేవు ఇదేనా అనిపిస్తుంది. పెద్ద పనంతా ఇప్పుడు నార్త్‌పోర్ట్‌లో, పులావ్ ఇందా దీవి మీదున్న వెస్ట్‌పోర్ట్స్‌లో జరుగుతుంది. నేను నిలబడింది పాత రేవు.

ఇంగ్లీషువాళ్ళు దీన్ని 1901లో మడ అడవి మధ్య కట్టి పోర్ట్ స్వెటెన్‌హామ్ అన్నారు. 1972లో పోర్ట్ క్లాంగ్ అయింది. తెరిచిన కొత్తలోనే కూలీలు మలేరియాతో పిట్టల్లా రాలిపోయారు. అప్పటికి నాలుగేళ్ళ ముందే, 1897లో, మన సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమలో మలేరియా క్రిమిని చూశాడు. ఆ సంగతి పట్టుకుని మాల్కమ్ వాట్సన్ అనే డాక్టరు ఇక్కడి బురదనీళ్ళకి కాలవలు తవ్వించాడు, జబ్బు తగ్గింది. ఈ ఊరు మొదటి నుంచీ తడితోనే పోరాడుతోంది. ఆ కథ చదివినప్పుడు నాకు ఆసక్తిగా అనిపించిందే గానీ అది నా కథ కూడా అవుతుందని అనుకోలేదు.

అక్క కారులో గోదాముకి తీసుకెళ్ళారు. చిన్న వ్యాపారులు ఒకే కంటెయినర్‌లో తలా కొంచెం చోటు అద్దెకి తీసుకుంటారు కదా, అలా వచ్చిన సరుకంతా అక్కడ విడదీసి పెట్టారు. పైన రేకులు, లోపల ఆవిరి పట్టిన ఇడ్లీపాత్రలా ఉంది. మా నలభై పెట్టెలు ఒక చెక్క పలక మీద ఉన్నాయి. పై వరస పెట్టెల మీద నీళ్ళు కారి ఎండిన చారలు. చూడగానే గుండె జారింది. అక్క తాళంచెవితో టేపు కోసి ఒక కవరు తీసిచ్చారు. లేబుల్ చక్కగా ఉంది, అటుకులు పారదర్శకమైన కవరులో బంగారు రంగులో మెరుస్తున్నాయి. కత్తిరించి నాలుగు నోట్లో వేసుకున్నాను.

చప్పుడు లేదు.

పాడవలేదు, బూజు లేదు, వాసన లేదు. మెత్తగా, సాగుతూ, వానాకాలంలో మూత పెట్టడం మరిచిపోయిన డబ్బాలో బొరుగుల్లా ఉన్నాయి. ఇంకో పెట్టెలోంచి ఇంకోటి తీశాను. తడి చారలు లేని కింది వరసలోది. అదీ అంతే. "ఏటమ్మా, మెత్తగున్నాయేటి?" అన్నారు అక్క. పాల సీసా సంచిలోంచి తీయలేదు.

లేబుల్ మీద ఒక్క తప్పు లేదు. తప్పంతా లేబుల్ అంటించిన కవరులో ఉంది. ఆ కవరు ఎంచింది నేను. రెండు నెలల ముందు ఒక రాత్రి వదిన వీడియోలో రెండు కవర్లు చూపించింది. ఒకటి ఇది. రెండోది లోపల వెండి పూత ఉన్నది, ఒక్కోటి నాలుగు రూపాయలు ఎక్కువ. "యాది బాగుంటది పాపా? నువ్వు సైన్సు చదివినదానివి గదా" అంది. నేను కొట్లో అరని ఊహించుకున్నాను. సరుకు కనబడితే కొంటారు అనుకున్నాను. "లోపల కనబడేదే బాగుంది వదినా, నాలుగు వేలు మిగులుతాయి" అన్నాను. తేమ అన్న మాట నా నోట రాలేదు.

గోదాములో స్టూలు మీద కూర్చున్నప్పుడు డిగ్రీలో చదివిందంతా ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చింది. కరకరలాడే సీరియల్‌లో తేమ నూటికి రెండు మూడు పాళ్ళే. అంత పొడిగా ఉన్నప్పుడు అందులోని పిండిపదార్థం గాజులా బిర్రుగా ఉంటుంది, కొరికితే పగులుతుంది. ఆ పగిలే చప్పుడే మనకి రుచి. తేమ ఏడెనిమిది పాళ్ళకి వచ్చేసరికి నీటి అణువులు మధ్యలో దూరి ఆ గాజుని తోలులా చేస్తాయి. చుట్టూ గాలిలో తేమ నలభై యాభై శాతం దాటితే చాలు, మూత లేని సీరియల్ మెత్తబడిపోతుంది. ఇక్కడ గాలిలో ఏడాది పొడుగునా ఎనభై శాతం దాకా ఉంటుంది. అట్టపెట్టె తేమని ఆపదు. మామూలు ప్లాస్టిక్ కవరు నీటిని ఆపుతుంది గానీ నీటి ఆవిరిని కొంచెం కొంచెంగా లోపలికి పోనిస్తూనే ఉంటుంది. కెలాగ్స్ వాళ్ళు 1914 నాటికే మైనం పూసిన కాగితం వాడారు. ఈ వ్యాపారం మొదలైనప్పటి నుంచీ ఉన్న సమస్యే ఇది. మనం కొట్లో కొనేది ధాన్యమే అనుకుంటాం. వేడి దేశంలో ఆ ధాన్యంతో పాటు పొడి గాలిని కూడా మూటగట్టి అమ్మాలి.

రోజులు లెక్కపెట్టాం. కవర్లు నింపడానికి పది రోజులు. చెన్నైలో కంటెయినర్ నిండేదాకా పన్నెండు. సముద్రం మీద ఎనిమిది. ఇక్కడ దించి, విడదీసి, కాగితాలు, తనిఖీ పూర్తయ్యేసరికి పదిహేడు. మొత్తం నలభై ఏడు రోజులు. ఆ చారలకి కారణం అక్క వాళ్ళాయన చెప్పారు. చెక్క పలకల్లో, అట్టల్లో ఉన్న తడి పగటి ఎండకి ఆవిరై, రాత్రి చల్లబడిన ఇనప కప్పుకి తగిలి బొట్లుగా కారుతుంది. కంటెయినర్ వాన అంటారట దాన్ని. మూసిన పెట్టెలో వాన కురవడం నాకు వింతగానే ఉంది గానీ కిందివరస కవర్లు ఆ వానలో తడవలేదు. వాటిని మెత్తబరిచింది నలభై ఏడు రోజుల గాలి.

ఆ రాత్రి వదినకి ఫోన్ చేశాను. "ఎట్టుండాయి పాపా?" అని ఆతృతగా అడిగింది. చెప్పాను. కవరు ఎంచింది నేనే కదా అని కూడా చెప్పాను. అవతల కాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత, "మెత్తంగానా?" అంది, అంతే. అన్నయ్య ఫోన్ తీసుకుని, "సర్లే, పడుకో" అన్నాడు. నాకు నిద్ర పట్టలేదు. మా వారిని అడిగి సగం డబ్బు పంపుతానని మర్నాడు చెప్తే వదినకి కోపమొచ్చింది. "దుడ్లు పంపించి చేతులు దులుపుకుంటావా? సంఘంలో ఆ నలుగురికీ ఏం చెప్పుకోను? యా కవరైతే నిలబడతదో తేల్చి చెప్పు నాకు" అంది.

సరుకు పారేయలేదు. తినడానికి బాగానే ఉంది, అమ్మడానికే పనికిరాదు. అక్క తమకి తెలిసిన వాళ్ళందరికీ, గుడిలో ఊరికే పంచారు. పెనం మీద సన్నసెగన వేయిస్తే మళ్ళీ కరకరలాడాయి, వానాకాలంలో మన అమ్మలు బొరుగులకి చేసే పనే. నేను నాలుగు విడతల మిక్చర్ చేశాను. ఇక వదిన అడిగినదానికి జవాబు తేలాలి.

దీనికి ల్యాబు అక్కర్లేదు. మీరూ చేసుకోవచ్చు. మామూలు ఉప్పుని కొంచెం నీళ్ళతో ముద్దగా తడిపి గట్టి మూత ఉన్న డబ్బాలో పెడితే లోపలి గాలిలో తేమ 75 శాతం దగ్గర నిలబడిపోతుంది. డిగ్రీ ప్రాక్టికల్స్‌లో డెసికేటర్లలో చేసేదే. ఊరి నుంచి వస్తున్న తమ్ముడి స్నేహితుడితో వదిన మూడు రకాల ఖాళీ కవర్లు పంపింది. పాతది, వెండి పూతది, లోపల అల్యూమినియం రేకు ఉన్నది. మూడింటిలో కరకరలాడే కార్న్ ఫ్లేక్స్ రెండు వందల యాభై గ్రాముల చొప్పున పోసి, అంచులు వేడి చేసి అంటించి, పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో ఉప్పు సాసరు పక్కన పెట్టాను. నగలు తూచే చిన్న కాటా కొన్నాను. రోజూ పిల్లని బడికి పంపాక తూచి, క్యాలెండర్ వెనక రాసేదాన్ని. పదేళ్ళ తర్వాత మళ్ళీ అంకెలు రాస్తున్నాను. మా పాప చూసి, "అమ్మా, నీకు హోంవర్కా?" అని అడిగింది.

ఇరవై రోజులకి పాత కవరు తొమ్మిది గ్రాములు బరువెక్కింది. విప్పితే సరిగ్గా ఆ గోదాము రుచి. వెండి పూతది ఒక్క గ్రాము కూడా ఎక్కలేదు. రేకుది కాటాకి తెలియనే లేదు. రేకుది ఏడు రూపాయలు ఎక్కువ, పైగా ఆ మందం కవర్లు అంటించే మిషను వదిన దగ్గర లేదు. వెండి పూతదైతే ఆ లెక్కన ఆరు నెలలు నిలబడుతుంది. వదిన లేబుల్ మీద గడువు ఏడాది అని వేసింది. గూడూరులో, ఎండాకాలంలో చేసిన లెక్క అది. ఇక్కడికి ఆరు నెలలే వేయమన్నాను. ఆ మాటకి కాస్త వాదించింది, తక్కువ గడువు చూస్తే కొట్లవాళ్ళు తీసుకోరని. చివరికి ఒప్పుకుంది.

రెండో విడత పదిహేను పెట్టెలే. 360 కవర్లు, వెండి పూతవి, కనబడటానికి ముందువైపు చిన్న బొమ్మ. చెక్క పలకలకి బదులు ప్లాస్టిక్ పలకలు. పెట్టెల మధ్య తేమ పీల్చే సంచులు. పై వరస మీద ప్లాస్టిక్ షీటు. ఎక్కువైన ఖర్చు ఇదంతా. థాయ్‌లాండ్‌లో తయారైన పెట్టెలు ఆసియాన్ దేశాల ఒప్పందం కింద సుంకం లేకుండా, కంటెయినర్లకి కంటెయినర్లు వస్తాయి. వాటితో ధరలో పోటీ పడే మాట లేదు. చంటిపిల్లల తల్లులు, షుగరున్నవాళ్ళు, జొన్న పేరు వింటేనే ఊరు గుర్తొచ్చేవాళ్ళు కొంటారు, అంతవరకే.

మళ్ళీ అదే రైలు, అదే గులాబీ పెట్టె, సంచిలో అదే గిన్నె. ఈసారి కాటా కూడా. గోదాములో అక్క కవరు కత్తిరించి నాలుగు అటుకులు అరచేతిలో వేసుకుని, నా చెవి దగ్గర పెట్టి నలిపారు. వినబడింది. తూచాను, గూడూరులో రాసి పంపిన బరువు కన్నా గ్రాము తేడా లేదు. వదినకి వీడియో చేసి చల్లటి పాలల్లో పోసి తిన్నాను. గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ రొద. "వినపడలే పాపా, దగ్గర పెట్టుకుని కొరుకు" అంది. ఫోన్ దగ్గర పెట్టుకుని కొరికాను. అవతల వదిన వెనక ఆ నలుగురూ ఉన్నారని అప్పుడు చూశాను.

ఆ 360 కవర్లు బ్రిక్‌ఫీల్డ్స్‌లో, క్లాంగ్‌లో అయిదారు కొట్లలో అమ్ముడవడానికి నాలుగు నెలలు పట్టింది. మొదటి విడత అప్పు ఇంకా తీరలేదు. మూడో విడతకి ఇరవై పెట్టెలు అంటోంది వదిన. పదహారు చాలంటున్నాను నేను. హలాల్ సర్టిఫికెట్టుకి ఎంతవుతుందో అక్క కనుక్కుంటున్నారు.

ఆ రోజు గోదాము నుంచి వచ్చేటప్పుడు క్లాంగ్‌లో మామక్ హోటల్ ముందు ఆగాం. అక్క టీ చెప్పారు. మిగిలిన అటుకులు సంచిలో ఉన్నాయి. నాకేం బుద్ధి పుట్టిందో, ఒక గ్లాసు వేడి పాలు అడిగి అందులో గుప్పెడు వేశాను. నిమిషంలో మెత్తబడిపోయాయి. బెల్లం కరిగి పాలు లేత గోధుమరంగు తిరిగాయి. ఫొటో తీసి వదినకి పంపితే వెంటనే జవాబొచ్చింది. "మా ఇంట్లో మేం తినేది అట్టానే పాపా."

అక్క, నేను చెరో చెంచా తీసుకుని ఆ గ్లాసు ఖాళీ చేశాం.